రాధారాణి వద్దంది

వాసుదేవరావుకి మనుషులంటే ప్రాణం. ఉండేది అమెరికాలో, సియాటెల్ పక్కన బాతెల్‌లో. ఎయిర్‌పోర్టులో ఒక తెలుగు మొహం కనిపిస్తే చాలు, ఊరూ పేరూ అడిగి, "బాతెల్‌లోనే మా ఇల్లు, మీరు ఒకసారి రావాలి" అంటాడు. వాళ్ళు నిజంగానే వస్తారు. నాలుగు రోజులుంటామని వచ్చి రెండు వారాలుంటారు. వెళ్ళేటప్పుడు "ఎంత పెద్ద మనసండీ అంకుల్‌ది" అని పొగిడి, గోంగూర పచ్చడి సీసా పట్టుకుని వెళ్తారు. ఆ గోంగూర ఏరిందెవరో, కడిగిందెవరో, వేయించి రుబ్బిందెవరో అడిగిన పుణ్యాత్ముడు ఇంతవరకూ లేడు. అత్త సొమ్ము అల్లుడు దానం అని పెద్దలు ఊరికే అనలేదు.

రుబ్బింది రాధారాణి. ఆవిడకిప్పుడు అరవై ఏడేళ్ళు. ఒక మందుల కంపెనీ లాబ్‌లో పాతికేళ్ళు పనిచేసి మూడేళ్ళ కిందట రిటైరయింది. రిటైరయ్యాక కాస్త నడుం వాల్చొచ్చని ఆవిడ అనుకుంది. ఇక రాధ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి వారం మధ్యలో కూడా జనాన్ని పిలవొచ్చని ఆయన అనుకున్నాడు. ఇద్దరిలో ఎవరి కోరిక తీరిందో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషికి పోయినేడాది ఇంటర్నెట్‌లో ఒక క్లబ్బు దొరికింది. అందులో చేరినవాళ్ళు ఏ దేశం వెళ్తే ఆ దేశంలో మరో మెంబరు ఇంట్లో దిగుతారు. తర్వాత వాళ్ళు వస్తే మనింట్లో పెట్టుకోవాలి. "హోటల్లో ఏముంది రాధా, మనుషుల్ని చూడాలి" అన్నాడు వాసుదేవరావు. జూన్‌లో ఇద్దరూ నార్వే వెళ్ళారు. బెర్గెన్ నుంచి రెండు గంటలు ప్రయాణం చేస్తే నీళ్ళ ఒడ్డున చిన్న ఊరు. అక్కడ సిగ్రిడ్, ఆర్నె అనే దంపతుల ఇల్లు. సిగ్రిడ్ నర్సుగా చేసి మానేసింది. ఆర్నె ఒకప్పుడు ఫెర్రీ నడిపేవాడు. గంటకో మాట మాట్లాడతాడు.

ఆ ఇంటి గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి సాయంత్రం ఆరున్నర. పొద్దున రైల్లో తిన్న అరటిపండు తప్ప ఇద్దరి కడుపుల్లోనూ ఏమీ లేదు. సిగ్రిడ్ చెయ్యి కలిపి, "భోంచేశారా?" అని అడిగింది.

"ఆ, అయింది అయింది. మీరేం శ్రమ పడకండి" అంది రాధారాణి.

మన లెక్కలో అది జవాబు కాదు, పలకరింపు. మనిళ్ళలో మొదటి "వద్దు"కి ఏ విలువా లేదు. "ఏం తిన్నారో ఏమో, రెండు ముద్దలు తినండి" అని వాళ్ళనాలి, "అబ్బే వద్దండీ" అని వీళ్ళనాలి, చివరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పీట మీద కూర్చోబెట్టాలి. అప్పుడు గానీ అతిథికి ఆకలేసినట్టు లెక్క కాదు. సిగ్రిడ్ ఈ లెక్కలేవీ ఎరగదు. "మంచిది" అని హాయిగా నవ్వి వంటింట్లో లైటు ఆర్పేసింది. వాళ్ళు అయిదింటికే తినేశారట.

ఇంకో ముచ్చటేమిటంటే, దుప్పట్లు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలని సిగ్రిడ్ ముందే ఉత్తరంలో రాసింది. "ఏదో ఫార్మాలిటీకి రాసుంటారులే" అని వాసుదేవరావు దాన్ని లెక్కచెయ్యలేదు. చూస్తే మంచం మీద ఒట్టి పరుపుంది. అడగడానికి మొహమాటం. మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉండనే ఉంది, పూర్తిగా రాయక్కర్లేదు. రాధారాణి తన వెంకటగిరి చీరలు రెండు పరిచింది. సూట్‌కేసులో కారప్పూస ఉంటే నలిపిన ప్యాకెట్టు చప్పుడు బయటికి వినపడకుండా ఇద్దరూ తిని, చీరల మీద పడుకున్నారు.

పొద్దున లేచేసరికి ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. ఏ రోజు ఎవరు ఏం చెయ్యాలో పేర్లు రాసి ఉన్నాయి. వాసుదేవరావు పేరెదురుగా "బంగాళాదుంపలు, గిన్నెలు" అని ఉంది. అదుగో, అక్కడ జరిగింది అసలు వింత. పెళ్ళయిన నలభై ఏళ్ళలో తాగిన గ్లాసు సింకులో వెయ్యని మనిషి, నాలుగు రోజులపాటు దుంపలు చెక్కు తీశాడు. గిన్నెలు తోమాడు. ఏప్రన్ కట్టుకుని ఫోటో దిగి అన్ని గ్రూపుల్లోనూ పెట్టాడు. "సూపర్ అంకుల్" అని యాభై మంది మెచ్చుకున్నారు.

రాధారాణికి మాత్రం మొదటిరోజు ఒళ్ళు మండింది. ఇదేం మర్యాద, తినమని ఒకసారి చెప్పి ఊరుకుంటారా అనుకుంది. రెండోరోజు ఆకలేసినప్పుడు తనే లేచి రొట్టె కోసుకుంది. మూడోరోజు మధ్యాహ్నం పెరట్లో బల్ల మీద కూర్చుని, అలాగే రెండు గంటలు నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. కాఫీ కావాలా, టీ కావాలా అని ప్రాణం తియ్యలేదు, ఆవిడ ఇవ్వాల్సిన కాఫీలూ లేవు. నాలుగోరోజు బయల్దేరుతుంటే ఆవిడకి నిజంగా కాళ్ళు రాలేదు. ముప్ఫై మూడేళ్ళ కిందట బాతెల్‌లో ఇల్లు కొన్నాక అంత విశ్రాంతి ఆవిడ ఎప్పుడూ ఎరగదు.

విమానంలో పక్కన నిద్రపోతున్న మొగుణ్ణి చూసి, ఈయనకి చేతనవునన్నమాట, ఇక ఇంటి దగ్గర కూడా కాస్తో కూస్తో సాయం చేస్తాడు అనుకుంది. ఆ ఆశ ఇంటి తాళం తీసేదాకా ఉంది. బూట్లయినా విప్పకుండా సోఫాలో కూలబడి, "రాధా, కాస్త చారు పెడతావా, నోరు చచ్చిపోయింది" అన్నాడాయన.

ఈ సెప్టెంబర్‌లో సిగ్రిడ్, ఆర్నె తొమ్మిది రోజులకి బాతెల్ వచ్చారు.

రాధారాణి పొద్దున్నే అయిదింటికి లేచింది. ఇడ్లీ, పెసరట్టు, పులిహోర, గుత్తివంకాయ, రోజుకో పచ్చడి. మొదటిరోజే సిగ్రిడ్ వంటింట్లోకొచ్చి, "నేనేమైనా సాయం చెయ్యనా?" అని అడిగింది. "అయ్యో, వద్దు వద్దు! మీరు కూర్చోండి" అంది రాధారాణి. ఇంటికొచ్చినవాళ్ళ చేత పని చేయించడమే! సిగ్రిడ్ సరేనని వెళ్ళి పుస్తకం చదువుకుంది. రెండోరోజు మళ్ళీ అడగలేదు. ఊరికే ఉన్న ప్రాణానికి ఉరేసుకోవడం అంటే ఇదే.

ఆదివారం వాసుదేవరావు నార్వే వాళ్ళని చూపించడానికి పన్నెండు మందిని భోజనానికి పిలిచాడు. ఇంటివాళ్ళు, నార్వే వాళ్ళు కలిపి పదహారు విస్తళ్ళు. అందరూ తిని, ఫ్యోర్డులనే సముద్రపు పాయల గురించీ అక్కడి పన్నుల గురించీ సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. రాధారాణి నిలబడే ఉంది. ఎడమ మోకాలు ఆ రోజే వాచింది.

మంగళవారం పొద్దున ఇడ్లీలు తింటుండగా చాంటిలీ నుంచి రఘు ఫోన్ చేశాడు. రఘు వాసుదేవరావు చిన్ననాటి స్నేహితుడి కొడుకు. రెండువేల తొమ్మిదిలో మొదటి ఉద్యోగానికి బాతెల్ వచ్చినప్పుడు ఇదే ఇంట్లో నాలుగు నెలలున్నాడు. ఇప్పుడు వర్జీనియా చాంటిలీలో భార్య స్పందనతో, మూడేళ్ళ పిల్లతో ఉంటున్నాడు. వాసుదేవరావు ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"అంకుల్, సియాటెల్‌లో జాబ్ వచ్చింది. అక్టోబర్ పన్నెండున మూవ్ అవుతున్నాం. కంపెనీ ఒక నెల అపార్ట్‌మెంట్ ఇస్తానంటోంది, తర్వాత ఇల్లు వెతుక్కోవాలి."

"అపార్ట్‌మెంటేంట్రా, మనిల్లు పెట్టుకుని! బేస్‌మెంట్ మొత్తం ఖాళీగా ఉంది. ఇల్లు దొరికేదాకా ఇక్కడే ఉండు. మూడు నెలలు కానీ, ఆరు నెలలు కానీ."

"నిజంగానా అంకుల్? స్పందన ఎగిరి గంతేస్తుంది. కానీ శనివారంలోగా కంపెనీకి చెప్పాలి, అపార్ట్‌మెంట్ కావాలో వద్దో."

"వద్దని చెప్పెయ్. ఏమంటావ్ రాధా?"

మాటిచ్చేశాక అడిగే ప్రశ్న ఇది. రాధారాణి ఇడ్లీ రేకుల మీంచి తలెత్తకుండా, "వాళ్ళిష్టం, నాదేముంది" అంది. చెవులున్నవాడికెవడికైనా ఆ గొంతులో వద్దన్నది వినపడాలి. "థాంక్స్ ఆంటీ!" అన్నాడు రఘు.

ఆ క్షణం నుంచి ఆవిడకి ఒకటే చింత పట్టుకుంది. ఎలాగైనా శనివారంలోగా ఈ మాట వెనక్కి తీసుకోవాలి. రఘు చెడ్డవాడు కాదు. స్పందన మంచి పిల్ల. పసిదాన్ని చూస్తే ముద్దొస్తుంది. అయినా పొద్దున్నే దాని పాలు, మధ్యాహ్నం దాని పప్పన్నం, రఘుకి ఆఫీసు డబ్బా, వాళ్ళని చూడ్డానికి వచ్చే వాళ్ళ స్నేహితులు, ఇదంతా తలుచుకుంటే ఆవిడకి ఏడుపొచ్చింది. ఇక నా వల్ల కాదు అని ఆవిడ ఒంట్లో ప్రతి ఎముకా చెప్తోంది. మాట మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోతోంది.

బుధవారం మధ్యాహ్నం కందిపప్పు తియ్యడానికి ప్యాంట్రీలోకెళ్ళి, సోనామసూరి బస్తా మీద కూర్చుంది. ఒక్క నిమిషం కూర్చుందామనుకుంది. లేవబుద్ధి కాలేదు. లైటు కూడా వెయ్యలేదు. ఎంతసేపయిందో, సిగ్రిడ్ మంచినీళ్ళ గ్లాసు కోసం వచ్చి, తలుపు సందులోంచి ఆవిణ్ణి చూసింది.

"అలసిపోయావా?" అని అడిగింది ఇంగ్లీషులో.

"లేదు లేదు. బాగానే ఉన్నాను."

"సరే" అని సిగ్రిడ్ వెళ్ళిపోయింది.

రాధారాణికి పట్టలేని కోపం వచ్చింది. ఇంకోసారి అడిగితే నీ సొమ్మేం పోయింది మహాతల్లీ! చీకట్లో బియ్యం బస్తా మీద కూర్చున్న మనిషి బాగానే ఉంటుందా? అడుగుల చప్పుడు హాలు దాటింది. ఆవిడ వెనక్కి రాదు, అది వాళ్ళ తీరు. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కదాన్నీ తనే పంపించేసింది.

"సిగ్రిడ్!" అని కేకేసింది రాధారాణి. పాలు పొంగిపోతున్నప్పుడు పిలిచినట్టు వచ్చింది కేక.

సిగ్రిడ్ తిరిగొచ్చింది.

"అవును. అలసిపోయాను" అంది రాధారాణి.

"ఎప్పటినుంచి?"

జ్వరం గురించి అడిగినట్టు అడిగింది, నర్సు కదా. రాధారాణి లెక్క పెట్టుకుంది. ఆదివారం భోజనాల నుంచా? వీళ్ళు వచ్చినప్పటినుంచా? రిటైరైనప్పటినుంచా? "ఈ ఇల్లు కొన్నప్పటినుంచి" అనేసింది. అన్నాక తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

సిగ్రిడ్ అయ్యో అనలేదు, కౌగలించుకోలేదు. నేల మీద చతికిలబడి, ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"నీ భర్తకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

"చెప్పావా?"

"మాలో ఇలాంటివి నోటితో చెప్పరు. చూసి తెలుసుకోవాలి."

"తెలుసుకున్నాడా?"

రాధారాణి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నాకూ చెప్పలేదు నువ్వు" అంది సిగ్రిడ్. ఆవిడ మొహం కాస్త ఎర్రబడింది. "సాయం చెయ్యనా అంటే వద్దన్నావు, నేను నమ్మాను. నీ మోకాలు వాచిపోతుంటే కూర్చుని నువ్వు వండింది తిన్నాను. నువ్వు నాకు మర్యాద చేశాననుకున్నావు. నాకు మాత్రం ఇప్పుడు సిగ్గుగా ఉంది."

ఆ మాట రాధారాణికి చురుక్కుమంది. పెట్టేవాళ్ళ కష్టం గురించే తప్ప, అది తెలియకుండా తిన్నవాళ్ళ సంగతి ఆవిడెప్పుడూ ఆలోచించలేదు.

ఆ సాయంత్రం ఫ్రిజ్ మీద ఒక కాగితం వెలిసింది. అయిదింటికి భోజనం, వంట ఆర్నె, వాసుదేవరావు. రాధారాణి పేరెదురుగా ఏమీ లేదు. అతిథుల ముందు వాసుదేవరావు పెద్దగా నవ్వి, "వెరీ గుడ్, వెరీ గుడ్" అంటూ ఏప్రన్ కట్టుకున్నాడు. ఆర్నె దుంపలూ గుడ్లూ ఉడకబెట్టాడు. ఈయన పప్పు చేశాడు. అందులో ఉప్పు లేదు, పసుపు మాత్రం ఊరందరికీ సరిపడా ఉంది. రాధారాణి సోఫాలో కాలు చాపుకుని కూర్చుని ఆ పప్పే రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

గదిలోకెళ్ళి తలుపేశాక మొదలుపెట్టాడు వాసుదేవరావు.

"ఇంటికొచ్చినవాళ్ళ చేత వంట చేయించావు. నలుగురికి తెలిస్తే ఏమనుకుంటారు?"

"నార్వేలో మీరూ వాళ్ళింటికెళ్ళినవాళ్ళే కదండీ."

"అది వేరు. అది వాళ్ళ పద్ధతి."

"ఏమండీ, రఘు వాళ్ళు మనింటికి రావద్దు."

ఆయన కళ్ళజోడు తీసి ఆవిడ వైపు చూశాడు. "అదేంటి రాధా? వాడికి మాటిచ్చాం."

"మీరిచ్చారు. నాకు ఓపిక లేదు. మోకాలు చూశారా ఎలా ఉందో?"

"వాడేం పరాయివాడా? అయినా స్పందన ఉంటుందిగా సాయానికి."

"పోయినసారి వచ్చినవాళ్ళకీ పెళ్ళాలున్నారు."

"సరే, ఆలోచిద్దాంలే" అన్నాడాయన. ఆ ఇంట్లో ఆలోచిద్దాంలే అంటే ఆ సంగతి ఇక ఎవరూ ఆలోచించరని అర్థం. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం నార్వే వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు పక్క దుప్పట్లు తామే తీసి, ఉతికి, మడత పెట్టి మంచం మీద పెట్టారు. "మళ్ళీ రండి" అంది రాధారాణి గుమ్మంలో, అలవాటు కొద్దీ.

"నిజంగానా?" అని అడిగింది సిగ్రిడ్.

రాధారాణి ఆలోచించింది. "రెండేళ్ళ తర్వాత" అంది.

"మంచిది" అని సిగ్రిడ్ చెయ్యి గట్టిగా నొక్కి కారెక్కింది. శనివారం పొద్దున వాసుదేవరావు ఫ్రిజ్ మీది కాగితం పీకి చెత్తబుట్టలో వేసి, "ఇక మన కాఫీ మనకి పడితే బాగుణ్ణు" అన్నాడు. రాధారాణి కాఫీ కలిపిచ్చింది. అందరూ ఒక్క రోజులో మారిపోతారా ఏమిటి.

మధ్యాహ్నం మూడున్నరకి రఘు ఫోన్ చేశాడు. ఫోన్ బల్ల మీద స్పీకర్‌లోనే ఉంది.

"అంకుల్, ఫ్లైట్స్ బుక్ చేస్తున్నా. కంపెనీకీ ఇప్పుడే చెప్పేస్తా, అపార్ట్‌మెంట్ వద్దని. ట్వెల్త్ ఓకే కదా? సామాను తెచ్చే మూవర్స్‌కి మీ అడ్రస్సే ఇస్తున్నా."

"ఇచ్చెయ్, ఇచ్చెయ్..." అని వాసుదేవరావు అంటుండగా రాధారాణి ఫోన్ తన ముందుకు లాక్కుంది. ఈ వయసులో ఒక మాట అనడానికి ఇంత భయమా అని ఆవిడకే సిగ్గేసింది.

"రఘూ, నేను. రావద్దు నాన్నా."

రఘు నవ్వాడు. "భలేవారే ఆంటీ! మీకేం ట్రబుల్ ఇవ్వం. వంటంతా తనే చేస్తానంటోంది స్పందన."

నార్వేలో అయితే ఆ ఒక్క మాటతో సరిపోయేది. ఇక్కడ అది లెక్కలోకి రాలేదు. రఘు తప్పేం లేదు, మొదటి వద్దుని మర్యాద కింద జమ కట్టడమే వాడు నేర్చుకున్నాడు. ఈ ఇంట్లోనే నేర్చుకున్నాడు.

"అది కాదు రఘూ. కంపెనీ ఇస్తానన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి."

"అది ఒక్క నెలే ఆంటీ. అయినా మీరుండగా అపార్ట్‌మెంట్ ఎందుకని అంకులే అన్నారు కదా. మీరు మొహమాటపడకండి, మేం బేస్‌మెంట్‌లో అడ్జస్ట్ అయిపోతాం."

వాసుదేవరావు వంగి ఆవిడ చెవిలో అన్నాడు. "బేస్‌మెంట్‌లో నీళ్ళొచ్చాయని చెప్పు. రిపేరుందని చెప్పు. గౌరవంగా పోతుంది."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఉపాయం బాగుంది. అందరూ చేసేదదే. నీళ్ళొచ్చాయంటే రఘు అయ్యో అంటాడు, జాగ్రత్త ఆంటీ అంటాడు, ఎవరి మనసూ నొప్పి పడదు. "బేస్‌మెంట్‌లో..." అని మొదలుపెట్టింది కూడా. అంతలో, రిపేరు ఎప్పటికవుతుంది ఆంటీ అని వాడు అడుగుతాడని తోచింది. నవంబర్‌లో రావడానికి టికెట్లు కొంటాడు. నవంబర్‌లో ఇంకో అబద్ధం వెతుక్కోవాలి.

"బేస్‌మెంట్ బాగానే ఉంది రఘూ" అంది. "నాకే ఓపిక లేదు. అలసిపోయాను. ఇక ఇంట్లో ఎవర్నీ ఉంచుకోలేను."

వాసుదేవరావు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఆంటీ, నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అన్నాడు రఘు. నవ్వు పోయింది గొంతులోంచి.

"లేదు నాన్నా."

"మరి? టూ థౌజండ్ నైన్‌లో నాలుగు నెలలున్నాను మీ దగ్గర. నాకు ఇక్కడ ఎవరూ తెలీదప్పుడు. అర్ధరాత్రి ఆఫీస్ నుంచి వచ్చినా వేడన్నం పెట్టేవారు. రోజూ అనేవారు, ఇది నీ ఇల్లే రఘూ అని. నా పెళ్ళిలో అందరికీ చెప్పాను, అమెరికాలో మా అమ్మ మీరేనని."

"అన్నాను. నాకు గుర్తుంది."

"ఇప్పుడేమైంది మరి?"

"అప్పుడూ అలసిపోయే ఉన్నాను రఘూ."

ఆ మాట ఆవిడ అనాలనుకోలేదు. ముప్ఫై మూడేళ్ళు దాచింది ఒక్కసారిగా జారిపోయింది. పక్కన వాసుదేవరావు తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఫోన్‌లో ఎక్కడో రఘు కూతురు ఏదో పాట పాడుకుంటోంది.

"అంటే..." అన్నాడు రఘు. "అంటే నేను తిన్నదంతా, మీరు... ఇష్టం లేకుండానా ఆంటీ?"

వాడికి ఆ నాలుగు నెలలూ ఎంత అపురూపమో ఆవిడకి తెలుసు. వాటిని తన చేత్తో పాడుచేస్తోంది. లేదు నాన్నా, ఊరికే అన్నాను, వచ్చెయ్యండి అని ఒక్క మాటంటే అన్నీ సర్దుకుంటాయి. పిల్లకి జంతికలు కూడా చేసి ఉంచుతుంది. ఆవిడ పెదాలు ఆ మాటకి కదిలాయి కూడా.

"ప్రేమగానే పెట్టాను" అంది. "అలసిపోయి పెట్టాను. రెండూ నిజమే నాన్నా. అప్పుడు ఒకటే చెప్పాను."

రఘు, "సరే ఆంటీ. అపార్ట్‌మెంట్‌కి ఎస్ చెప్తాను" అన్నాడు. తర్వాత, "స్పందన బట్టలు సర్దుతోంది. తనకేం చెప్పను?" అని అడిగాడు.

"ఆంటీ వద్దంది అని చెప్పు."

"సరే" అన్నాడు. ఎప్పుడూ అనే "ఉంటాను ఆంటీ" కూడా అనకుండానే ఫోన్ పెట్టేశాడు.

వాసుదేవరావు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. కోపంగా ఉన్నాడా, భయపడ్డాడా చెప్పడం కష్టం. "వాడు ఇక మన గడప తొక్కడు" అన్నాడు.

"తొక్కకపోవచ్చు."

"ఒక్క చిన్న అబద్ధం రాధా. నీళ్ళొచ్చాయంటే సరిపోయేది. వాడు సుఖంగా ఉండేవాడు, నేను సుఖంగా ఉండేవాణ్ణి."

"ఇన్నాళ్ళూ అందరూ సుఖంగానే ఉన్నారు కదండీ" అంది రాధారాణి.

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "నిజంగా అప్పటినుంచీనా?" అని అడిగాడు, చిన్న గొంతుతో.

"నిజంగా."

ఆవిడ బల్ల ఆసరాగా పట్టుకుని లేచింది. మోకాలు కలుక్కుమంది. పొయ్యి మీద ఏమీ లేదు, సాయంత్రానికి కూరలు తరగలేదు, నాలుగు కావొస్తోంది. గదిలోకెళ్ళి తలుపు వేసుకుని పడుకుంది. రఘు గొంతు చెవుల్లోనే ఉంది, ఇష్టం లేకుండానా ఆంటీ అంటూ. ఏడుపు ఆగలేదు. మళ్ళీ వాడికి ఫోన్ చెయ్యడానికి లేవలేదు. ఏడుస్తూనే, పట్టపగలు, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.